తుపాకీ ఒక్కసారి, తూటాలు నెలనెలా: శనివారం షూటింగ్ రేంజికి వచ్చే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

పోయిన శనివారం పొద్దున మన వాట్సాప్ గుంపులో ఒక పిటిషన్ లింకు తిరిగింది. కాలిఫోర్నియాలో తూటాలు కొన్న ప్రతిసారీ చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాడి మీద నిషేధం ఉందా అని రికార్డుల్లో చూడటం, ఎత్తేయాలి, అందరూ సంతకం పెట్టండి అని. మధ్యాహ్నానికల్లా పదిహేడు మంది బొటనవేలు పైకెత్తారు. నేను ఎత్తలేదు. సాయంత్రం ఫ్లాస్కులో టీ పంచుకుంటున్నప్పుడు ఒకరిద్దరు "ఏం అన్నా, మెసేజ్ చూళ్లేదా?" అని అడిగారు. చూశాను. రెండుసార్లు చదివాను కూడా. నిలబడి టీ తాగుతూ తేల్చే మాట కాదనిపించి, ఇంటికి పోయి రాస్తానన్నాను. గుంపులో పెడితే పావుగంటలో బిర్యానీ ఫొటోల కింద పడి మాయమైపోతుంది. మనలాంటి గుంపులు ఈ రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి కాబట్టి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

నేను తుపాకీలు వద్దనే మనిషిని కాదని మీకు తెలుసు. వారం వారం మీ పక్కనే నిలబడి గాల్లోకి ఎగిరే మట్టి పళ్లాలు తుపాకీతో పగలగొట్టేవాణ్ణి. నాలుగు రౌండ్లు ఆడితే వంద షెల్స్ (షాట్‌గన్ తూటాలు), అంటే పాతికవి నాలుగు డబ్బాలు. నెలకి దాదాపు రెండు కేసులు (పెద్ద పెట్టెలు) నా చేతిలోనే ఖాళీ అవుతాయి. ఈ చట్టం వల్ల నాకు జరిగే ఖర్చు, చిరాకు మీకంటే ఎక్కువే తప్ప తక్కువ కాదు. అయినా సంతకం పెట్టలేను. ఎందుకో చెప్పాలంటే మా చిన్నాయన తుపాకీ దగ్గర మొదలుపెట్టాలి.

మాది చిత్తూరు జిల్లాలో అడవికి ఆనుకున్న పల్లె. శెనక్కాయ చేలో కాయ పట్టే సరికి అడవి పందులు దిగేవి. ఒక్క రాత్రి దిగాయంటే పొద్దునకి చేను దున్నినట్టుండేది. పంట కాపలాకని మా చిన్నాయనకి జోడు నాళ్ల లైసెన్సు తుపాకీ ఉండేది. ఆ తుపాకీ కంటే ఆయన భద్రంగా దాచుకున్నది లైసెన్సు పుస్తకాన్ని. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర పెట్టుకోవచ్చో, ఏడాది మొత్తానికి ఎన్ని కొనొచ్చో అందులో రాసి ఉండేది. టౌనుకి పోయి తూటాలు కొంటే అమ్మినాయన తారీకు వేసి, ఎన్ని ఇచ్చాడో రాసి, సంతకం పెట్టి ఇచ్చేవాడు. చిన్నాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని "ఈ యేటికి ఇంకా పదకొండే" అని లెక్క చెప్పేవాడు. అప్పట్లో అట్ట తొడుగు తూటాలు. వానాకాలం తేమకి ఉబ్బితే నాళంలోకి దూరేవి కావు. మా చిన్నమ్మ వాటిని చేటలో పోసి ఎండలో పెట్టేది, అప్పడాల పక్కనే. పిల్లలం ఆ చేట దగ్గరికి పోతే వీపు పగిలేది. పందుల్ని చంపింది తక్కువ. ఎక్కువసార్లు ఆకాశంలోకి పేల్చి తరిమేవాడు. ఎన్నికలొస్తే ఆ తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ నెలంతా పందులకి పండగ.

ఆ పద్ధతి గొప్పదని చెప్పట్లేదు. పంట పోతున్న రైతుకి లైసెన్సు దొరక్క చెప్పులరిగేవి, పలుకుబడి ఉన్నవాడికి ఇంటికే వచ్చేది. నాటు తుపాకీ చేయించుకున్నవాడికి ఏ పుస్తకమూ లేదు. మందు కూరి, సీసపు గుండ్లు పోసి, గజం వేసి దట్టించేవాడు. ఆ లోపాలన్నీ ఉన్నా ఒక్క సంగతి మాత్రం మా పల్లెలో చిన్నపిల్లలకి కూడా తెలుసు: తుపాకీ ఇంట్లో ఉండటం వేరు, తూటా ఇంట్లో ఉండటం వేరు. చిన్నాయన పోయాక ఆ తుపాకీ కాగితాలు తేలేదాకా గోడకి కొయ్య లాగా వేలాడింది. దాన్ని చూసి ఎవరూ భయపడలేదు. తూటాలు లేవు మరి.

అమెరికా వచ్చాక నన్ను ఆశ్చర్యపరిచింది ఇక్కడ తుపాకీలు దొరకడం కాదు, అది వచ్చేముందే విన్నాను. తూటాల సంగతి ఆశ్చర్యపరిచింది. తుపాకీ కొనాలంటే 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం డీలరు చెక్ చేయాలి. 1998 నుంచి దానికి దేశమంతటికీ కంప్యూటర్ వ్యవస్థ ఉంది. తూటాలకి మాత్రం ఆ చట్టం వర్తించదు. వయసు చూస్తారు: రైఫిల్, షాట్‌గన్ తూటాలకి 18, పిస్తోలు తూటాలకి 21. అంతే. ఒకప్పుడు ఇలా లేదు. కెన్నెడీ సోదరులూ, మార్టిన్ లూథర్ కింగూ తుపాకీలకి బలైన రోజుల్లో వచ్చిన 1968 చట్టం ప్రకారం తూటాలమ్మే వాళ్లు కూడా ఎవరికి అమ్మారో పుస్తకంలో రాయాల్సి ఉండేది. 1986లో కొత్త చట్టం తెచ్చి ఆ రాతకోతలు చాలావరకు ఎత్తేశారు. పోస్టులో తెప్పించుకోవడానికి దారి తెరిచారు.

మన గుంపులో చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. పెద్ద నేరం రుజువై శిక్ష పడ్డవాడు, గృహహింస కేసులో దోషిగా తేలినవాడు తుపాకీ ఉంచుకోకూడదన్న ఫెడరల్ చట్టంలోనే "తూటా కూడా" అని రాసి ఉంది. అంటే నిషేధం ఎప్పటినుంచో ఉంది, అమెరికా అంతటా ఉంది. కౌంటర్ దగ్గర అడిగే దిక్కే లేదు. గుళ్లోకి చెప్పులతో రాకూడదని బోర్డు పెట్టి, గుమ్మం దగ్గర ఎవరినీ కూర్చోబెట్టనట్టు. 2016 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 63 అనే, ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే చట్ట ప్రతిపాదనకి 63 శాతం ఓట్లతో ఔనన్నారు. అప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న గావిన్ న్యూసమ్ దాన్ని ముందుండి నడిపించాడు. దాని తర్వాత 2019 జులై 1 నుంచి గుమ్మం దగ్గర మనిషి కూర్చున్నాడు. కొన్న ప్రతిసారీ చెక్. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినా లైసెన్సున్న దుకాణానికే రావాలి, మనం పోయి మొహం చూపించి తీసుకోవాలి.

"తుపాకీ కొన్నప్పుడే చెక్ చేశారు కదా, మళ్లీ తూటాలకెందుకు?" అని పిటిషన్‌లో పెద్దక్షరాల్లో ఉంది. టీ దగ్గర కూడా అదే మాట. మీ ఇళ్లలో తుపాకీలు ఎప్పుడు కొన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. నాది 2014లో కొన్నాను. ఆ రోజు నేను మంచివాణ్ణని రాష్ట్రం తేల్చింది. ఇన్నేళ్లలో నాకు మతి చెడి ఉండొచ్చు, నా మీద కోర్టు ఆర్డర్ వచ్చి ఉండొచ్చు, జైలుకి పోయి వచ్చి ఉండొచ్చు. తుపాకీకి నూనె రాస్తూ ఉంటే మన మనవళ్ల దాకా పనిచేస్తుంది. తూటా అలా కాదు, పాలప్యాకెట్టు లాంటిది. అయిపోతుంది, మళ్లీ కొనాలి. 2014లో ఎలా ఉన్నానన్నది కాదు, ఇవాళ ఎలా ఉన్నానన్నది అడగడానికి దొరికే అవకాశం అదొక్కటే. చట్టబద్ధంగా తుపాకీ కొని, తర్వాత నిషేధంలోకి వచ్చి, అయినా తుపాకీ ఇంట్లోనే ఉండిపోయిన వాళ్ల జాబితా ఒకటి కాలిఫోర్నియా నడుపుతుంది. అందులో 20 వేలకి పైగా పేర్లున్నాయి. ఇంటింటికీ పోయి స్వాధీనం చేసుకునేంత మంది సిబ్బంది లేరు. అలాంటివాడు తూటాల కౌంటర్ దగ్గరికి తనంతట తానే నడిచొచ్చి డ్రైవర్ లైసెన్సు కార్డు చేతికిస్తే, ఆ క్షణం వదులుకోవాలా?

ఇక తుపాకీ అసలు దుకాణంలోనే కొననివాడి సంగతి. ఉత్తర కాలిఫోర్నియాలో, టెహామా కౌంటీలో, రాంచో టెహామా అని ఒక చిన్న ఊరుంది. 2017 నవంబరులో అక్కడ ఒకడు భార్యని చంపి, మర్నాడు పొద్దున బండెక్కి ఊరి మీద పడి ఇంకో నలుగుర్ని చంపాడు. ప్రాథమిక పాఠశాల మీదికి కూడా పోయాడు. తుపాకీ చప్పుడు వినగానే సిబ్బంది క్షణాల్లో తలుపులు వేసేశారు కాబట్టి లోపలికి దూరలేకపోయాడు. వాడి మీద అప్పటికే కోర్టు ఆర్డర్ ఉంది, తుపాకీ ముట్టుకోకూడదని. మరి రైఫిళ్లెక్కడివి? విడిభాగాలు తెప్పించుకుని సొంతంగా బిగించుకున్నాడు. సీరియల్ నంబర్ లేదు, డీలర్ లేడు, చెక్ లేదు. వీటినే ఘోస్ట్ గన్స్ అంటున్నాం. మా ఊరి నాటు తుపాకీకి అమెరికా మనవడు. తేడా ఒక్కటే: నాటు తుపాకీకి మందు, సీసం చాలు. ఈ మనవడికి మాత్రం ఫ్యాక్టరీ తూటా కావాలి. ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లు లేకపోలేదు, మన పెద్దాయన గ్యారేజీలో చేసేదే అది. కానీ రైఫిల్ బిగించుకున్న వాళ్లందరికీ ఆ ఓపిక ఉండదు, దుకాణానికే వస్తారు. అప్పటికి కాలిఫోర్నియాలో తూటాల చెక్ ఇంకా మొదలవ్వలేదు. ఉండుంటే ఆ ఐదుగురు బతికేవాళ్లని నేను ప్రమాణం చేయలేను. పక్క రాష్ట్రం నెవాడాకి పోయి తెచ్చుకునేవాడేమో. కానీ వాడి దారిలో "నువ్వెవరు?" అని అడగగలిగిన కౌంటర్ అంటూ ఏదైనా ఉండుంటే అది తూటాల కౌంటరే.

ఇంట్లో మా ఆవిడ సంగతి మీలో కొందరికి తెలుసు. కష్టంలో ఉన్న మన ఆడవాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడుతుంది, లాయరు దగ్గరికి తోడుగా వెళ్తుంది. ఎవరు, ఏ ఊరు అన్నది నాకు కూడా చెప్పదు. ఒక రాత్రి ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి నన్ను ఒక ప్రశ్న అడిగింది. "కోర్టు ఆర్డర్ చేతికి అందాక మొగుడు 24 గంటల్లో తుపాకీలు అప్పజెప్పాలంట కదా. అప్పజెప్పానని వాడు చెప్తే సరిపోతుందా? ఇంకోటి దాచుకుంటే?" రసీదు కోర్టులో చూపించాలని చెప్పాను. "ఉన్న వాటికి రసీదు చూపిస్తాడు. లేదని చెప్పిన దానికి?" అంది. నాదగ్గర ఒకటే జవాబుంది: వాడు తూటాలు కొనడానికి పోతే ఈ రాష్ట్రంలో ఆపుతారు. పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆ జవాబు కూడా లేదు. ఆ చిన్న జవాబుని పీకేయమని అడిగే కాగితం మీద నేను సంతకం పెట్టి, మళ్లీ అదే వంటింట్లోకి టీ పెట్టుకోవడానికి వెళ్లాలి.

ఇప్పుడు మీ బాధ. అది నిజమైన బాధే, కొట్టిపారేయను. చట్టం వచ్చిన మొదటి నెలల్లో దుకాణాలకి వచ్చిన దాదాపు ఐదుగురిలో ఒకరిని వెనక్కి పంపారు. వాళ్లలో నిషేధం ఉన్నవాళ్లు ఎంతమంది? మొదటి నాలుగు నెలల లెక్కలో వంద మంది కంటే కాస్త ఎక్కువ. మిగతా పదుల వేల మందీ మీలాంటి నాలాంటి వాళ్లు. 2023 మొదటి సగానికి కూడా తిరస్కరణ సగటున 11 శాతం దగ్గర ఉంది. ఈ అంకెలు ఏ లాబీ వాళ్లో వండినవి కావు, కోర్టులో ప్రభుత్వం ఒప్పుకున్నవే. తూటా కొనబోయి పదిమందిలో ఒకరు ఒట్టిచేతులతో ఇంటికి పోవడం సిగ్గుచేటు. రేషన్ షాపులో వేలిముద్ర పడలేదని ముసలమ్మని వెనక్కి పంపితే మనం ఎంత తిట్టుకుంటాం!

తిరస్కరణకి కారణాలు చూస్తే మాత్రం నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. అయిదు డాలర్ల చెక్ ఉంది కదా, మొన్నటిదాకా డాలరే ఉండేది, అది చేసేదల్లా మీ డ్రైవర్ లైసెన్సు మీదున్న పేరు, పుట్టినరోజు, అడ్రసు తీసుకుని, మీరు తుపాకీ కొన్నప్పుడు రాసిన రికార్డుతో కలుస్తున్నాయో లేదో, నిషేధం ఉన్నవాళ్ల జాబితాలో మీరున్నారో లేదో చూడటం. ఇల్లు మారి చెప్పకపోతే కలవదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే కలవదు. పేర్ల విషయంలో మన తెలుగువాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలా? ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, డిగ్రీ సర్టిఫికెట్‌లో ఒకలా. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లకి ఇక్కడ మొదటి పేరు "ఎఫ్ఎన్‌యూ" అని వేస్తారు, అంటే మొదటి పేరు తెలియదని. కాలేజీలో మొదటి సెమిస్టర్ మొత్తం మా రూమ్మేట్‌ని ప్రొఫెసర్ "మిస్టర్ ఫ్నూ" అని పిలిచాడు. వాడు కూడా ఏదో గౌరవమనుకుని పలికేవాడు.

నా కథ ఇంకా బాగుంటుంది. నా పేరులో ఐదు ముక్కలున్నాయి. 2014లో తుపాకీ కొన్నప్పుడు ఫారంలో గళ్లు చాలక నేనే రెండు ముక్కలు మింగేశాను. తర్వాత సిటిజన్‌షిప్ వచ్చినప్పుడు మురిసిపోయి ఐదూ రాయించుకున్నాను. మధ్యలో రెండిళ్లు మారాను. 2019లో టోర్నమెంటుకి ముందురోజు సాయంత్రం దుకాణానికి పోతే కౌంటర్ మీద కుర్రాడు స్క్రీన్ చూసి, నన్ను చూసి, మళ్లీ స్క్రీన్ చూశాడు. "సారీ సర్, నో మ్యాచ్." వెనక లైన్లో ఏడుగురు. వాళ్లందరి కళ్లలో నేను అప్పుడే జైల్లోంచి దూకి వచ్చినవాణ్ణి. చెవులు వేడెక్కాయి. ఆ పూట నేను కూడా ఈ చట్టాన్ని మీకంటే పెద్ద మాటలతో తిట్టాను. ఇంటికొచ్చి కాగితాలు తీసి చూసుకుంటే మొత్తం తప్పు నాదే. రాష్ట్రం వెబ్‌సైట్‌లో వివరాలు సవరించుకున్నాక మళ్లీ అడ్డం పడలేదు. ఇప్పటికి ఎన్ని కేసులు కొన్నానో లెక్కలేదు. కార్డు ఇస్తాను, అటు తిరిగి టోపీలు చూస్తుంటాను, పిలుస్తారు, తెచ్చుకుంటాను.

కానీ అందరి తప్పూ వాళ్లదే కాదు. రికార్డులో తుపాకీ లేనివాడు, ఉదాహరణకి తండ్రి నుంచి పాతకాలంలో వచ్చిన రైఫిల్ ఉన్నవాడు, 19 డాలర్లు కట్టి రోజుల తరబడి ఆగాలి. అది కూడా ఒక్క కొనుగోలుకే. మళ్లీ కొనాలంటే మళ్లీ 19. రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాల ప్రకారం ఇచ్చే గుర్తింపు కార్డు) కాని డ్రైవర్ లైసెన్సు ఉంటే పాస్‌పోర్టో బర్త్ సర్టిఫికెట్టో పట్టుకుపోవాలి. వేట సీజన్ మొదటి రోజు పొద్దున బాతులు ఎగురుతుంటే కాగితాల కోసం ఇంటికి నలభై మైళ్లు వెనక్కి పోయినవాడి బూతుల్లో న్యాయం ఉంది. 2024 జులై నుంచి తుపాకీల మీద, తూటాల మీద వేసిన 11 శాతం అదనపు పన్ను వేరే గొడవ, దాన్ని దీంతో కలపను. పిటిషన్‌లో మాత్రం రెండూ కలిపి వండారు, రుచి కోసం.

కోర్టు సంగతి. ఈ చట్టం మీద వేసిన దావాలో మొదటి పేరు ఉన్న కిమ్ రోడ్ మనకి పరాయి మనిషి కాదు. వరసగా ఆరు ఒలింపిక్స్‌లో, 1996 నుంచి 2016 దాకా, షాట్‌గన్‌తో పతకాలు తెచ్చిన కాలిఫోర్నియా అమ్మాయి. ఆమె వీడియోలు చూసే నేను తుపాకీని భుజానికి ఆనించడం నేర్చుకున్నాను. అంత సాధన చేసే మనిషి ప్రతిసారీ లైన్లో నిలబడాలంటే ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. శాన్ డియేగోలో జడ్జి రోజర్ బెనిటెజ్ 2020లో ఒకసారి, 2024 జనవరి చివర్లో మరోసారి ఈ చట్టం చెల్లదన్నాడు. 2025 జులైలో నైన్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు బెంచి 2-1తో ఆయన్నే సమర్థించింది. అక్కడితో కథ అయిపోలేదు. 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పులో పెట్టిన కొలబద్ద ప్రకారం ఇలాంటి చట్టానికి దేశ చరిత్రలో పోలిక చూపించాలి. కంప్యూటర్ లేని 18వ శతాబ్దంలో కంప్యూటర్ చెక్‌కి పోలిక వెతకడం నాకు వింతగా ఉంటుంది, కానీ నేను లాయర్ని కాదు. మధ్యలో కొద్దిరోజులు ఆగినా, స్టేలతో కౌంటర్ దగ్గర చెక్ నడుస్తూనే వచ్చింది. హక్కు సంగతి జడ్జీలు తేలుస్తారు. మీ పిటిషన్ అడిగేది అది కాదు. కోర్టు ఏమన్నా సరే, అసెంబ్లీ తనంతట తాను దీన్ని రద్దు చేయాలంటోంది. అంటే మన ఇష్టం ఏమిటని అడుగుతోంది. నా ఇష్టం నేను చెప్తున్నాను.

ఈ చెక్ అన్నిటికీ మందు కాదని కూడా ఒప్పుకుంటాను. 2012లో కొలరాడోలోని ఆరోరా సినిమా హాల్లో 12 మందిని చంపినవాడు అంతకుముందు 6 వేల తూటాలు ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నాడు. వాడి మీద ఏ నిషేధమూ లేదు. మన కాలిఫోర్నియా చెక్ ఉన్నా "క్లియర్" అనే వచ్చేది. 2023 మే నెలలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది. ఆ వారం అమ్మ ఇండియా నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసింది. "మాల్స్‌కి పోవద్దు నాయనా" అని. నేను ప్రతి శనివారం తుపాకీ పట్టుకుని ఎక్కడికి పోతానో ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. వాటికి ఒక్క తూటా చాలు, అది ఇంట్లోనే ఉంటుంది. ఇవేవీ ఈ చెక్ ఆపలేదు. అది ఆపగలిగినవాళ్లు వేరే. చట్టం వద్దన్నా కొనడానికి వచ్చేవాళ్లు. ఏడాదికి వందల్లో ఉంటారేమో అలా దొరికేవాళ్లు. వచ్చి ప్రయోజనం లేదని తెలిసి రానివాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేరు.

ఇంకో విషయం గుంపులో ఎవరూ ఎత్తనిది, నాకు నిద్ర పట్టనివ్వనిది. మనం శనివారాలు ఆఫీసులో పనిచేసే కుర్రపిల్లల్ని కూడా రేంజికి పిలుస్తాం. "రా తమ్ముడూ, ఒక రౌండు వేద్దువు" అని. వాళ్లలో చాలామంది హెచ్-1బీ, కొందరు ఎఫ్-1. ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాడి దగ్గర తుపాకీ కానీ తూటా కానీ ఉండకూడదు. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. మామూలుగా మాత్రం నేరమే, అది కూడా ఇంటికి టికెట్ కొనిపించేంత పెద్ద నేరం. ఈ సంగతి ఆ పిల్లల్లో పదిమందికి తొమ్మిది మందికి తెలియదు. చెక్ లేని రాష్ట్రంలో కౌంటర్ మీదవాడు వయసు చూసి డబ్బా చేతికిస్తాడు. ఇస్తే తీసుకోవచ్చు కాబోలు అనుకుంటాడు మనవాడు. ఆ డబ్బా కారు డిక్కీలో ఉండగా ఏ టెయిల్ లైటు పోయిందనో పోలీసు ఆపితే చాలు, కష్టపడి కట్టుకున్నదంతా ఆ రోడ్డు పక్కనే పోతుంది. ఇక్కడైతే కొనబోయినప్పుడే కౌంటర్ దగ్గర "కుదరదు" అంటారు, కాస్త చిన్నబుచ్చుకుని ఇంటికి పోతాడు. మనలాంటి వాళ్లకి ఈ చెక్ ఎంత కాపలాగా పనిచేస్తుందో ఆలోచించండి. పిలిచేముందు వీసా ఏమిటో అడగడం మన బాధ్యత, అది వేరే సంగతి. ఈ మధ్య నేను అడుగుతున్నాను. మొహమాటంగానే ఉంటుంది.

మరి ఏం చేద్దామంటే, పిటిషన్ రాయించే ఓపిక మనకి ఉన్నప్పుడు దాన్ని తిరగరాద్దాం. చెక్ ఉంచమందాం, దాన్ని తెలివిగా చేయమందాం. ఇల్లినాయీలో, న్యూజెర్సీలో ముందే ఒక కార్డు ఇస్తారు. తూటాలు కొనేటప్పుడు ఆ కార్డు చూపిస్తే సరి. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి మనలాగే ప్రతిసారీ చెక్ మొదలుపెట్టింది. కార్డు పద్ధతికి దగ్గరగా ఉండేది మన రాష్ట్రంలో కూడా ఒకటుంది, సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అని. వేలిముద్రలిచ్చి తీసుకోవాలి, ఏటా తిరగరాయించుకోవాలి. అది ఉంటే పాత తుపాకీ రికార్డులో పేరు కలవలేదన్న గొడవే ఉండదు. ఖర్చు ఎక్కువ, అందుకే ఎవరూ తీసుకోరు. దాన్ని చవక చేయమందాం. పేరు ఒక్క అక్షరం తేడా వస్తే కొట్టిపారేయకుండా పుట్టినరోజు, లైసెన్సు నంబరు చూసి మనిషిని గుర్తుపట్టేలా చేయమందాం. దుకాణంలోనే అడ్రసు సవరించుకునే వీలివ్వమందాం. తిరస్కరిస్తే కారణం అక్కడికక్కడే కాగితం మీద ఇవ్వమందాం. 19 డాలర్ల చెక్ ఒక్కసారి చేస్తే ఏడాది చెల్లేలా చేయమందాం. ఇవి అడిగితే రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో వినేవాళ్లుంటారు. ఎందుకంటే 11 శాతం తప్పుతో నడిచే చట్టాన్ని కోర్టులో కాపాడుకోవడం వాళ్లకి కూడా తలనొప్పే. జడ్జి రెండుసార్లూ వేలెత్తి చూపింది ఇలాంటి తిరస్కరణలనే.

ఇంత రాశాక కూడా పాత లింకు మీద సంతకం పెట్టేవాళ్లు పెట్టండి. శనివారం రేంజిలో మీ పక్కన నిలబడటానికి నాకేం ఇబ్బంది లేదు. మీ పళ్లెం తప్పిపోతే నవ్వడం కూడా మానను.

వచ్చే శనివారం ల్యాప్‌టాప్ తెస్తున్నాను. పేరు కలవనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు డ్రైవర్ లైసెన్సు, తుపాకీ కొన్నప్పటి కాగితాలు పట్టుకురండి. టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కొక్కరివీ సరిచేద్దాం. ట్రేసీ ఊరి నుంచి వచ్చే తమ్ముడూ, నువ్వు తప్పకుండా రా. నీ పేరు రికార్డులో మూడు రకాలుగా ఉందని నువ్వే చెప్పావు, ముందు నీదే మొదలుపెడతాం. అల్లం టీ నేను తెస్తాను, పోయినసారి మిగిలిన చేగోడీల డబ్బా ఎవరింట్లో ఉందో వాళ్లు వెనక్కి తెచ్చిపెట్టండి.

ఇట్లు,
మీ తోటి షూటరు, ఐదు ముక్కల పేరువాడు